కొట్టేసిన వాక్యం

ఉప్పల్ రింగురోడ్డుకు రెండు సందుల వెనక నాకు ఒక చిన్న డీటీపీ సెంటరు ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్సు మిషను, ఒక లామినేషన్ మిషను. పెళ్లికి ముందు నుంచీ టైపింగే నా పని. ఈ ఐదారేళ్లలో కొత్తగా టైపు చేయించుకునేవాళ్లు తగ్గి, పాత ఫైళ్లను మార్చివ్వమని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఎప్పుడో ఏదో తెలుగు ఫాంటుతో కొట్టిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకొని వస్తారు. ఇప్పటి కంప్యూటర్‌లో తెరిస్తే అందులో తెలుగు కనబడదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు, అడ్డగీతలు కలగాపులగంగా కనబడతాయి. దాన్ని యూనికోడ్ తెలుగులోకి మార్చి, ఫోనులో కూడా తెరుచుకునేలా చేసివ్వాలి.

ఆ మార్పిడికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. పాత ఫైలులో ఉన్నదంతా కాపీ చేసి దాంట్లో వేస్తే తెలుగు బయటికి వస్తుంది. కానీ అది అక్షరాలను మాత్రమే పట్టుకుంటుంది. బోల్డు, రంగులు, పట్టికల గళ్లు, పెద్ద సైజు హెడ్డింగులు, అన్నీ పోతాయి. పాత ప్రింటు పక్కన పెట్టుకొని వాటిని ఒక్కొక్కటే మళ్లీ పెట్టుకోవాలి. చాలా ఫైళ్లు అలా చేశాను. నాకు ఆ పనిలో చెయ్యి తిరిగిందనే ధీమా ఉండేది.

ఒక సోమవారం పొద్దున మల్లాపూర్ నుంచి ఒక ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ వచ్చాడు. ఇనుప సామానుకు పూసే పూతల్లో కలిపే రసాయనాలు చేసే చిన్న ఫ్యాక్టరీ. అంతకు ముందు వాళ్ల లేబుళ్లు, లీవు ఫారాలు నేనే టైపు చేసిచ్చాను.

"అక్కా, ఇది మా మూడో నంబరు ట్యాంకు కాగితం. పని ఎట్ల జెయ్యాల్నో తెలుగుల రాసి గోడకు పెట్టినం. పాతదైపోయింది, ఏం కనవడ్తలేదు. ఫైలు తెరిస్తే గిట్ల పిచ్చి అక్షరాలొస్తున్నయ్. చెకింగుకు ఆఫీసరు వస్తున్నడు, సాఫ్ట్ కాపీ గూడ మెయిల్ జెయ్యమన్నడు" అన్నాడు.

పెన్‌డ్రైవ్‌తో పాటు గోడ మీద నుంచి తీసుకొచ్చిన పాత ప్రింటు కూడా ఇచ్చాడు. దాని లామినేషన్ పసుపెక్కింది. మీద ఎన్ని గీతలు పడ్డాయో లెక్కలేదు. తడిచేతులతో, గ్లౌజులతో ఎన్నేళ్లు తాకారో. "మా పాత కెమిస్టు సారు రాసిండు. గవర్నమెంటు ల్యాబుల జేసి రిటైరైనంక మా దగ్గర కొన్నేండ్లు జేసిండు. ఇప్పుడు నాచారంల ఇంటికాడ్నే ఉంటుండు" అని చెప్పి వెళ్లాడు.

ఫైలు ఒకటిన్నర పేజీ. పన్నెండు మెట్లు, కింద ఒక పట్టిక. ఆ సాయంత్రమే కూర్చొని మార్చాను. ఎప్పటిలాగే ఒత్తులు చెదిరాయి, "క్ష" రెండు ముక్కలైంది, పట్టికలో గళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అన్నీ సరిచేశాను. డిగ్రీ గుర్తు కోసం అంకె పక్కన పైకి చిన్న సున్నా పెట్టి ఉంటే, మార్పిడిలో అది మామూలు సున్నాగా కిందికి దిగి అరవై డిగ్రీలు కాస్తా ఆరువందలైంది. నేను దాన్ని పట్టుకున్నాను. పట్టుకున్నందుకు నాలో నేనే మెచ్చుకున్నాను కూడా. ఒకటికి రెండుసార్లు చదివి ప్రింటు తీసి, లామినేట్ చేసి పెట్టాను. మరునాడు సూపర్‌వైజర్ వచ్చి తీసుకెళ్లాడు. పాత ప్రింటును నా బల్ల మీదే మరచిపోయాడు.

ఆ మరునాడు, బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట కావస్తుండగా బల్ల సర్దుతున్నాను. ఆ పాత ప్రింటు చేతికి తగిలింది. కవర్లో పెడదామని గుమ్మం దగ్గర వెలుగులో పట్టుకొని దుమ్ము తుడిచాను. మీద గీతలన్నీ ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డంగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం అలా లేదు. నాలుగో మెట్టులో మొదటి వాక్యం మీదుగా తిన్నగా పోయింది. మొదటి అక్షరం దగ్గర మొదలై, చివరి చుక్క దగ్గర సరిగ్గా ఆగింది. గీసుకుపోయిన గీత అంత లెక్కగా ఆగదు.

వేలితో రుద్దాను. అది లామినేషన్ మీద లేదు. లోపల, కాగితం మీద ఉంది.

పాత ఫైలు తెరిచాను. పిచ్చి అక్షరాల్లో నాలుగో మెట్టు వెతికి ఆ వాక్యం మీద క్లిక్ చేశాను. పైన వరుసలో మాటలను అడ్డంగా కొట్టేసే బొత్తాం వెలిగింది. పక్క వాక్యం మీద పెడితే ఆరిపోయింది. ఎవరో కావాలని ఆ వాక్యాన్ని కొట్టేశారు. ఆ కలగాపులగంలో ఎటు చూసినా అడ్డగీతలే కాబట్టి నేను గమనించలేదు. మార్పిడిలో అక్షరాలు వచ్చాయి, వాటి మీది గీత రాలేదు.

నేను ఇచ్చిన కాగితంలో నాలుగో మెట్టు ఇలా ఉంది: "ట్యాంకు లోపల నీళ్లతో శుభ్రంగా కడగాలి. పొడి గుడ్డతో తడి లేకుండా తుడవాలి. తర్వాత మందు వదలాలి." కడగడం, తుడవడం, వదలడం. ఎక్కడా తేడా కనిపించని వరుస. అందుకే రెండుసార్లు చదివినా నాకు ఏ అనుమానమూ రాలేదు.

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరని, గేటు దగ్గర పెట్టెలో పెట్టిపోతారని అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికీ అది పెద్ద ప్రమాదమని నాకు తెలియదు. తప్పు పోయింది, సరిచేసి ఇంకోటి పంపాలి అనే అనుకుంటున్నాను. పాత ప్రింటు అడుగున "సందేహం ఉంటే అడగండి" అని కెమిస్టు గారి నంబరు ఉంది. ఆయనకు చేశాను.

నేనెవరో చెప్పి, జరిగింది చెప్పాను. 

"నీళ్లతో కడగాలి అన్న వాక్యం ఇప్పుడు గోడ మీద ఉందా అమ్మా?" అన్నారు.

"ఉన్నది సార్. గీత లేకుండ ఉన్నది."

"అది పాత మందు వాడినప్పటి పద్ధతి. తర్వాత ఆ రసాయనం మార్చాం. ఇప్పుడు వాడేదానికి తడి తగిలితే కాగిపోతుంది, పొగ కక్కుతుంది. మూత దగ్గర మనిషి ఉంటే మొహం, కళ్లు, ఊపిరి... నేను ఆ వాక్యం తీసేయలేదు. వాళ్లకి కడిగే అలవాటు ఉంది కదా, మానేయాలని కనబడటం కోసం కొట్టేసి అలాగే ఉంచాను." ఆగి, "ఇప్పుడు టైమెంత?" అని అడిగారు.

"ఒంటిగంట పది."

"రెండింటికి షిఫ్టు మారుతుంది. మారేలోగా ట్యాంకు శుభ్రం చేసి మందు వదులుతారు. నేను వెళదామంటే మోకాలి ఆపరేషన్ అయి మంచం దిగలేకుండా ఉన్నాను. గేటు ఫోనుకి చేస్తూనే ఉంటాను. మీరు వెళ్లగలరా అమ్మా?"

ఆధార్ కార్డు జిరాక్సు కోసం ఒకామె నిలబడి ఉంది. ఆమె కార్డు ఆమె చేతిలో పెట్టి, షట్టరు దించి, తాళం వేశానో లేదో చూసుకోకుండా రోడ్డు మీదికి వచ్చాను. పాత ప్రింటు చేతిలోనే ఉంది. ఆటో ఎక్కి మల్లాపూర్ అన్నాను.

నాచారం దాకా బాగానే వచ్చాం. అక్కడ ఒక పొడవాటి కంటైనర్ లారీ ఏదో గోడౌన్ గేట్లోకి వెనక్కి తిరుగుతూ రోడ్డుకు అడ్డంగా ఆగింది. ముందుకు రెండడుగులు, వెనక్కి రెండడుగులు. అటూ ఇటూ బండ్లు నిలిచిపోయాయి.

"అన్నా, వేరే సందు లేదా?" అని అడిగాను.

"ఏ సందుల పోయినా ముంగటికే రావాలె మేడమ్. ఐదు నిమిషాలాగున్రి, క్లియరైతది."

ఒంటిగంట ముప్పై ఐదు. ఆ లారీ డ్రైవరు అద్దంలో చూసుకుంటూ చాలా జాగ్రత్తగా తిప్పుతున్నాడు. అతని జాగ్రత్త చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆటో దిగి, లారీ ముందు నుంచి దూరి, చెప్పులు చేతిలోకి తీసుకొని నడిచాను. నడక కాదది, పరుగు కాదు. నలభై దాటిన మనిషిని, కుర్చీలో కూర్చునే పని చేసేదాన్ని. కొంతదూరం పోయాక ఒక ట్రాలీ ఆటో ఆపి, ఇనుప రాడ్ల పక్కన వెనకాల కూర్చున్నాను. ఆ కొద్ది దూరంలో నా మనసు ఒకటే పని చేసింది. కడగాలి, తుడవాలి, వదలాలి అని నేను సరిచేసిన ఒత్తులతో సహా ఆ మూడు వాక్యాలు చదువుతూ పోయింది.

గేటు దగ్గరికి చేరేసరికి రెండుకు పది నిమిషాలు తక్కువ. వాచ్‌మన్ రిజిస్టరు నా ముందుకు జరిపాడు.

"ఎవర్ని గలవాలె?"

"అన్నా, మూడో నంబరు ట్యాంకుల మందు ఇడువద్దని చెప్పాలె. కాగితంల తప్పు వడ్డది. జర లోపలికి చెప్పు."

"ఏ కాగితం?"

నేను పాత ప్రింటు చూపించాను. అతను దాన్ని చూసి, నన్ను చూశాడు. నా కాళ్లకు చెప్పులు లేవు. "పొద్దుగాల్నుంచి గీ లోపలి ఫోను ఖరాబైంది. బయటి ఫోనుకు ఎవరో సారు రెండుమాట్ల జేసిండు గానీ నేను బండ్ల కాడ ఉంటి, ఎత్తలే" అంటూ లోపలి ఫోను ఎత్తి చూశాడు. పెట్టేశాడు.

"నన్ను పోనియ్యన్నా."

"బూట్లు, టోపీ లేకుంట పోనియ్యరాదు." నా చేతిలోని కాగితం వైపు మళ్లీ చూశాడు. తర్వాత హెల్మెట్ తీసి తలకు పెట్టుకున్నాడు. "నువ్వీడ నిలవడు. గేటు జూడు. ఎవర్నీ ఇడువకు. మూడో నంబరే గద?"

"మూడో నంబరే. మందు ఇడువద్దు, నీళ్లు తగలొద్దు అను."

అతను పరుగెత్తాడు. వయసు మళ్లిన మనిషి, అయినా పరుగెత్తాడు. షెడ్డు మూల తిరిగి కనబడకుండా పోయాడు.

నేను గేటు పట్టుకొని నిలబడ్డాను. లోపల మోటార్ల మోత తప్ప ఏమీ వినబడటం లేదు. ఏమైనా జరిగితే అరుపులు వినబడతాయా, ఈ మోతలో కలిసిపోతాయా అని చెవులు రిక్కించాను. షెడ్డు పైన గొట్టంలోంచి సన్నగా తెల్లని పొగ వస్తోంది. అది రోజూ వచ్చేదో, ఇప్పుడు వచ్చిందో నాకు తెలియదు. ఇంతలో ఒక వ్యాను వచ్చి గేటు బయట హారను కొట్టింది. తెరవమంటాడు డ్రైవరు. తెరవను అన్నాను. "నువ్వెవరమ్మా?" అన్నాడు. గేటు వదలకుండా అలాగే నిలబడ్డాను.

వాచ్‌మన్ తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. వచ్చి గోడకు ఆనుకొని ఊపిరి తీసుకున్నాడు. "ఇడువలే" అన్నాడు. "వాల్వు మీద చెయ్యి వెట్టిండు. నేను పిలిస్తె ఆగిండు."

 రిజిస్టరు పెట్టే బల్ల మీదే కూర్చున్నాను.

కొద్దిసేపటికి సూపర్‌వైజర్ వచ్చాడు. అతని వెనకే ట్యాంకు చూసే ఆపరేటరు వచ్చాడు. జనగామ వైపు నుంచి వచ్చి చాలా ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న యాభై ఏళ్ల మనిషి. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. ట్యాంకును పైపుతో కడిగాడు, గుడ్డతో తుడిచాడు. ఎంత తుడిచినా అడుగున తడి మిగులుతుంది. ఆ తడి ఉండగా మందు వదలబోయాడు.

సూపర్‌వైజర్ అందరి ముందూ అతన్ని తిట్టాడు. "ఎన్నేండ్ల సంది జేస్తున్నవ్? నీళ్లు వాడొద్దని నీకు తెల్వదా?"

"తెలుసు" అన్నాడు ఆపరేటరు, గొంతు పెంచకుండా. "అందుకే పొద్దుగాల నిన్ను అడిగిన. గిదేంది, మల్ల నీళ్లతోని కడగాల్నంటున్నరు అని. కొత్త కాగితంల ఎట్లుంటె అట్ల జెయ్యి, ఆఫీసరు వస్తున్నడు అన్నవ్."

సూపర్‌వైజర్ నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. ఆపరేటరును అవతలికి పొమ్మని నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"అక్కా, నువ్వు పో. మూడింటికి ఓనరు సారు వస్తడు. ఏం గాలేదు గద. ట్యాంకు ఆరవెట్టి రేపు నడిపిస్తం. ఈయన చదువుట్ల పొరపాటు వడ్డడని చెప్త, అయిపోతది. నీ మాట రానియ్య."

"కాగితం తప్పన్నా. ఆయన చదివింది కరెక్టే."

"అది నేను జూసుకుంట అంటున్న గద."

నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే నాకు ముందు హాయిగా అనిపించింది. ఇంటికి పోవచ్చు. ఎవరికీ ఏమీ కాలేదు. సరిచేసిన కాగితం సాయంత్రం పంపిస్తే ఈ సంగతి ఇక్కడే ముగిసిపోతుంది. గేటు దాకా నడిచాను కూడా. అక్కడ ఆపరేటరు పంపు కింద ప్యాంటు మడతలు పిండుకుంటున్నాడు. మధ్యాహ్నం పూట పనిలోంచి బయట నిలబెట్టిన మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. నన్ను చూసి, "నువ్వేనా బిడ్డా ఆ కాగితం కొట్టింది? అక్షరాలు మంచిగ కనవడుతున్నయ్" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అన్నాడు.

నేను వెనక్కి వచ్చి వాచ్‌మన్ కుర్చీలో కూర్చున్నాను.

ఓనరు మూడున్నరకు వచ్చారు. ఆఫీసు గదిలో పాత ప్రింటు, కొత్త ప్రింటు రెండూ ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టి గీత చూపించాను. మార్పిడిలో అక్షరాలు మాత్రమే వస్తాయని, మిగతావి నేను చూసి పెట్టాలని, ఈ ఒక్కటి నేను చూడలేదని చెప్పాను. ఆయన చాలాసేపు రెండు కాగితాలనూ చూశారు.

"ఇంత సన్న గీత" అన్నారు చివరికి.

"అవును సార్."

"సాఫ్ట్ కాపీ ఆఫీసరుకు పోయిందా?" అని సూపర్‌వైజర్‌ను అడిగారు. ఇంకా పోలేదని అతను చెప్పాడు. గోడ మీద నుంచి తెచ్చిన కొత్త కాగితాన్ని మళ్లీ పెట్టొద్దన్నారు. ఆపరేటరు గురించి ఏమీ అనలేదు. నాతో మాత్రం, "మీరు వచ్చి చెప్పిన్రు, అది మంచిది. కానీ ఇగ మా పని మీకు ఇయ్యలేను" అన్నారు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని.

తిరిగి వస్తూ నాచారంలో కెమిస్టు గారింటి దగ్గర ఆగాను. మంచం మీద కాలు చాపుకొని ఫోను పక్కనే పెట్టుకొని కూర్చున్నారు. ఆయన భార్య మంచినీళ్లిచ్చింది. జరిగిందంతా చెప్పాను. ఓనరు మాట కూడా చెప్పాను.

"తప్పు మీ ఒక్కరిదే కాదమ్మా" అన్నారు. "చేయకూడని పనిని గీతతో చెప్పడమేంటి? నీళ్లు వాడకూడదు అని మాటల్లో రాసుంటే అది ఏ ఫాంటులోకి మార్చినా అలాగే ఉండేది కదా. నేను నలభై ఏళ్లు ల్యాబులో రిపోర్టులు రాశాను, నాకీ సంగతి తట్టలేదు." పెన్ను నా చేతికిచ్చి, "రాసుకోండి. ఈసారి నేను చెబుతాను. ఓనరుతో నేను మాట్లాడతాను, ఈ ఒక్క కాగితం మీ చేతనే చేయిస్తానని" అన్నారు.

ఆయన చెప్పగా పెన్నుతో రాసుకున్నాను. నాలుగో మెట్టు మొదటి వాక్యం దగ్గర ఆయన మూడుసార్లు మార్చారు. చివరికి "ట్యాంకులో నీళ్లు వాడకూడదు" అని పెట్టించారు. ఆ మాట బోల్డులో పెట్టనా అని అడిగితే, "పెట్టండి. కానీ బోల్డు పోయినా అర్థం పోకూడదు" అన్నారు.

అప్పటి నుంచి పాత ఫైలు ఏది వచ్చినా ముందు రంగు ప్రింటు తీస్తాను. కొట్టివేతలు, రంగులు, అంకెల పైనా కిందా ఉండే చిన్న గుర్తులు, అన్నీ స్కెచ్ పెన్నుతో చుట్టి, మార్పిడి అయ్యాక ఒక్కొక్కటి ఉందో లేదో టిక్కు పెడతాను. తెచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టి చదివిస్తాను. కొందరు విసుక్కుంటారు.

ఓనరు ఒప్పుకోవడంతో, కొత్త కాగితాన్ని ఆ శుక్రవారం నేనే తీసుకుపోయి గేటు దగ్గర ఇచ్చాను. షిఫ్టుకు ఇంకా టైముంది. ఆపరేటరు బయట టీ తాగుతుంటే చదివి చూడమన్నాను. అతను వేలు పెట్టి ఒక్కో మాటా పైకి చదివాడు. నాలుగో మెట్టు చదివి తలూపాడు.

"ఆరోజు నువ్వు సూపర్‌వైజర్‌ను అడిగినవు గద పెద్దన్నా" అన్నాను. "ఆ సంగతి ఓనరుకు చెప్పినవా?" నేను చెప్పలేదు. నా తప్పు చెప్పుకొని, అది చాలనుకొని వచ్చేశాను. రెండు రోజులుగా అదే మనసును తొలుస్తోంది.

"చెప్తె ఏమైతది బిడ్డా" అన్నాడు. "మల్ల ఆయన కిందనే పనిజెయ్యాలె. గానీ ఇగ కాగితంల ఏమున్నా, నాకు అనుమానమొస్తె ఇడువను. వాల్వు ముట్టను."

టీ గ్లాసు కడిగి అక్కడ పెట్టాడు. కాగితం చంకలో పెట్టుకొని, చేతికి గ్లౌజులు తొడుక్కుంటూ లోపలికి పోయాడు.